అప్‌డేట్: ఉప్పునీటి ట్యాంకులో నత్తలు ఎన్ని వేయాలని అడిగింది నేనే

ఆరు వారాల కిందట అడిగాను: 100 లీటర్ల కొత్త ఉప్పునీటి ట్యాంకు, సైకిల్ (వ్యర్థాలను శుద్ధి చేసే బాక్టీరియా పెరిగే దశ) అయిపోయింది, ఇసుకంతా గోధుమరంగు పొర. షాపాయన 20 నత్తలు, 10 హెర్మిట్ పీతలు (ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండేవి) ఒకేసారి వేసెయ్యమంటున్నాడు, వేయనా? "వద్దు, తిండి లేక చస్తాయి" అన్నారు మీరంతా. విన్నాను, మంచిదైంది.

మూడు ట్రోకస్, రెండు సెరిత్, మూడు నసేరియస్ నత్తలతో మొదలుపెట్టాను. సన్న పైపుతో గంటన్నర సేపు చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలిపాకే లోపల వదిలాను. ఆ గోధుమరంగు పొర, అంటే డయాటమ్‌లనే సూక్ష్మ నాచు, చాలావరకు దానంతటదే పోయింది, ఆ క్రెడిట్ మొత్తం నత్తలకివ్వలేను. అద్దం మీది పచ్చనాచు మాత్రం ట్రోకస్‌ల పనే. రాత్రి టార్చి వేసి చూస్తే నోటితో అద్దాన్ని గీరుకుంటూ పోతోంది, వెనకాల వంకరటింకరగా శుభ్రమైన దారి. వెల్లకిలా పడ్డా తనే తిరగబడుతుంది.

నసేరియస్ నాచు ముట్టదని కొన్నాక తెలిసింది. పగలంతా ఇసుకలోనే, తొండం లాంటి గొట్టం ఒక్కటే పైకి. రొయ్య ముక్క వేయగానే మూడూ ఇసుక చీల్చుకుని లేచాయి, మా పాప కెవ్వుమంది.

ఒక తప్పు చేశాను. ఆగలేక రెండు పీతలు తెచ్చాను, ఖాళీ గుల్లలు వేయలేదు. నాలుగో రోజు చూస్తే ఒక సెరిత్ గుల్లలో పీత కూర్చుని ఉంది! ఇప్పుడు రకరకాల సైజుల్లో ఆరు గుల్లలు వేశాను, దాడులు ఆగాయి.

నాచు బాగా తగ్గింది కాబట్టి ట్రోకస్‌ల కోసం చిన్న నోరి (ఎండబెట్టిన సముద్రనాచు) ముక్కని రాయికి రబ్బరుబ్యాండుతో కట్టి పెడుతున్నాను.