‘రైలుబడి’ సినిమా ఎనిమిదేళ్ల పాపకి చూపించవచ్చా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన టొట్టోచాన్ కథని తెలుగులో ‘రైలుబడి’గా చదివినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. అది 2023లో జపాన్‌లో యానిమేషన్ సినిమాగా వచ్చింది. మా అమ్మాయికి చూపించాలని ఉంది కానీ రెండు విషయాల్లో టెన్షన్‌గా ఉంది.

కథలో అల్లరి, చెట్టెక్కడం, హెడ్మాస్టరు కొబయాషి గారు చిన్నారి టొట్టోచాన్ కబుర్లు గంటల తరబడి వినడం, ఇవన్నీ బాగానే ఉంటాయి. పోలియో ఉన్న ఆమె స్నేహితుడు యసుయాకి చనిపోవడం, 1945 బాంబుదాడిలో బడి కాలిపోవడం మాత్రం బరువైన సంగతులు. పుస్తకంలో అయితే అక్కడ ఆగి, పిల్లకి సర్దిచెప్పి, మళ్లీ చదవొచ్చు. తెర మీద చూస్తే భయపడుతుందా? మీ పిల్లలు ఎలా తీసుకున్నారు?

రెండోది, ముందు పుస్తకం చదివించాలా, సినిమా చూపించాలా? ఆ బడిలో పాత రైలుపెట్టెలే తరగతి గదులు కదా, నా ఊహలో ఆ పెట్టెలు మన బెజవాడ స్టేషన్‌లో ఆగే పాసింజరు బండివే. సినిమా చూస్తే నాకే అది చెరిగిపోతుందేమోనని బెంగ, ఇంక దాని సంగతి చెప్పేదేముంది!

మా పాప ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవలేదు. పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ చూపించినవాళ్లు ఎవరైనా ఉన్నారా, అలా కుదురుతుందా?

మా కాపీ ఎవరో పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. ఏలూరు రోడ్డు షాపుల్లో ఈమధ్య ఎవరికైనా కనిపిస్తే చెప్పండి. లేకపోతే జనవరిలో పుస్తక మహోత్సవం దాకా ఆగుతాను.