టాస్క్ మేనేజర్ ఫైలు కళ్లెదుటే ఉంది, విండోస్ మాత్రం కనబడలేదంటోంది

ఏడురోడ్ల నెట్‌సెంటర్
అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో చిన్న నెట్ సెంటర్ నాది, ఆరు సిస్టమ్‌లు. కౌంటర్ దగ్గరున్న విండోస్ 10 సిస్టమ్‌లో నాలుగు రోజులుగా ఓ వింత. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ రావాలి కదా. దాని బదులు ‘సిస్టమ్32లో ఆ ఫైలు కనబడలేదు, పేరు సరిగ్గా కొట్టారో లేదో చూసుకోండి’ అని ఇంగ్లీషులో మెసేజ్ వస్తోంది. ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైలు అక్కడే దర్జాగా కూర్చుని ఉంది. డబుల్ క్లిక్ చేసినా అదే పాట. యాంటీవైరస్‌తో రెండుసార్లు స్కాన్ చేశాను, ఏమీ లేదంది. తెలిసినవాళ్లంతా ఫార్మాట్ కొట్టెయ్యమంటున్నారు. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్, అన్నిటి డ్రైవర్లూ మళ్లీ వేసుకోవాలి. పైగా ఇప్పుడు ఇంటర్ పిల్లల అప్లికేషన్ల సీజన్. ఫార్మాట్ లేకుండా దారేమైనా ఉందా?

పలాస జీడిపప్పు
పక్క సిస్టమ్ నుంచి ఆ ఫైలు కాపీ చేసి దీంట్లో పెట్టి చూడన్నా.

ఏడురోడ్ల నెట్‌సెంటర్
ఆ ముచ్చటా తీరింది తమ్ముడూ. పర్మిషన్ లేదంటోంది.

ఆమదాలవలస ప్యాసింజర్
ఫైలుకి ఏమీ కాలేదు, దాన్ని వదిలెయ్యండి. ఒక్క ప్రశ్న. ఆ సిస్టమ్‌లో ఎప్పుడైనా ఎవరైనా ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ వాడారా? టాస్క్ మేనేజర్ లాంటిదే, ఇంకా వివరంగా చూపించే టూల్. సిస్ఇంటర్నల్స్ వాళ్లది, 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసుకుంది. దాంట్లో ఆప్షన్స్ మెనూలో ‘రీప్లేస్ టాస్క్ మేనేజర్’ అని ఒకటి ఉంటుంది.

ఏడురోడ్ల నెట్‌సెంటర్
అమ్మ బాబోయ్. సంక్రాంతికి మా బావమరిది కొడుకు వచ్చాడు, వైజాగ్‌లో బీటెక్. ‘మావయ్యా, నీ టాస్క్ మేనేజర్ పాతది, మంచిది వేస్తాను’ అని ఏటో వేశాడు. రంగురంగుల గీతలతో బాగానే ఉండేది. మొన్న డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండిపోయిందని మొత్తం ఖాళీ చేశాను. జనం దించుకుని వదిలేసిన ఆధార్ కాగితాలు, హాల్‌టికెట్లు, ఫొటోలు, అన్నీ కలిపి 40 జీబీ. దాంతోపాటు అదీ పోయిందంటారా?

ఆమదాలవలస ప్యాసింజర్
అదే జరిగింది. ఆ ఆప్షన్ నొక్కినప్పుడు అసలు టాస్క్ మేనేజర్‌ని తీసెయ్యదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక చీటీ రాసి పెడుతుంది, ‘ఈ పేరుతో ఎవరు పిలిచినా ఫలానా చోటున్న నన్ను లేపండి’ అని. మీరు ఆ ఫలానా చోటు ఊడ్చేశారు, చీటీ మాత్రం మిగిలింది. విండోస్ చీటీలోని అడ్రసుకి వెళ్తోంది, అక్కడ ఎవరూ లేరు. తిరిగొచ్చి మాత్రం అసలు ఫైలు పేరు చెప్పి కనబడలేదంటోంది. అందుకే అందరూ బోల్తా పడతారు.

అడ్మిన్ అకౌంట్‌లో రన్ తెరిచి రెజ్‌ఎడిట్ కొట్టండి, రిజిస్ట్రీ తెరుచుకుంటుంది. వరసగా ఇలా లోపలికి వెళ్లండి: హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్. దాని కింద టాస్క్ మేనేజర్ ఫైలు పేరుతో ఒక కీ ఉంటుంది. ముందు దాని మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. తర్వాత లోపల డీబగ్గర్ అన్న విలువలో ఏ దారి రాసుందో చదవండి. మీ డౌన్‌లోడ్స్ దారి అయితే సరే, ఆ ఒక్క కీ తీసెయ్యండి. పైనున్న పెద్ద ఫోల్డర్ జోలికి వెళ్లకండి. ఒకవేళ టెంప్ ఫోల్డర్‌లో మీరెప్పుడూ వినని పేరేదైనా కనబడితే మాత్రం కథ వేరు, నెట్ కేబుల్ పీకి ఇక్కడికి రండి. వైరస్‌లు కూడా ఇదే కిటుకు వాడతాయి.

ఏడురోడ్ల నెట్‌సెంటర్
డౌన్‌లోడ్స్ దారే ఉంది. తీసేశాను. రీస్టార్ట్ కూడా అక్కర్లేకుండా వచ్చేసింది! ఫార్మాట్‌కి రేపు మనిషిని రమ్మన్నాను, ఇప్పుడే వద్దని చెప్పాను.

మూడు లాంతర్లు డీటీపీ
మీరు అదృష్టవంతులు బాబూ, ముందు అడిగారు. నేను అడగలేదు. విండోస్ 7 రోజుల్లో నా టాస్క్ మేనేజర్‌కి ఓ రోజు మెనూలూ లేవు, పైనుండే ట్యాబ్‌లూ లేవు, మూసే గుర్తు కూడా లేదు, ఉట్టి డబ్బా మిగిలింది. వైరస్ అనుకుని ఒక షాపుకి మోసుకెళ్తే ఫార్మాట్ కొట్టి 400 తీసుకున్నాడు. అను ఫాంట్లు, పెళ్లి శుభలేఖల డిజైన్లు అన్నీ మళ్లీ సర్దుకునేసరికి వారం. తర్వాత తెలిసింది, అంచున ఖాళీ జాగాలో డబుల్ క్లిక్ పడితే అది అలా చిన్నదవుతుందట. మళ్లీ డబుల్ క్లిక్ చేస్తే మామూలే. డబుల్ క్లిక్‌కి 400!

పలాస జీడిపప్పు
🙏🙏 మాస్టారూ, ఆ షాపు అడ్రస్ మాత్రం చెప్పకండి, నేనూ అక్కడే ఇచ్చుంటాను.

బొబ్బిలి వీణ
నాది తలకిందుల సమస్య. కాలేజీ ల్యాబ్ చూస్తాను, 30 సిస్టమ్‌లు. పిల్లలు టాస్క్ మేనేజర్ తెరిచి మేం పెట్టిన పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌ని ఎండ్ టాస్క్ కొట్టేసేవారు. అందుకని విండోస్‌లో ఆంక్షలు పెట్టుకునే గ్రూప్ పాలసీలో కంట్రోల్ ఆల్ట్ డిలీట్ ఆప్షన్స్ కింద ‘రిమూవ్ టాస్క్ మేనేజర్’ పెట్టేశాను. ఇప్పుడు ‘అడ్మినిస్ట్రేటర్ ఆపేశారు’ అని వస్తుంది. హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఉండదు కాబట్టి రెండు సిస్టమ్‌లలో రిజిస్ట్రీలోనే డిజేబుల్ టాస్క్ మేనేజర్ విలువ 1 అని పెట్టాను. నాలుగు నెలలుగా ప్రశాంతం.

ఆమదాలవలస ప్యాసింజర్
మేడమ్, ఏమీ అనుకోకండి. అది వీధి తలుపు తీసిపెట్టి మీటర్ పెట్టెకి తాళం వెయ్యడమే. టాస్క్ మేనేజర్ లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో ప్రోగ్రాముల్ని ఆపే టాస్క్‌కిల్ ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఇంకో టూల్ తెచ్చుకుంటారు. అసలు పిల్లలకి ఆ సాఫ్ట్‌వేర్‌ని చంపే హక్కు ఎలా వచ్చింది? అందరూ అడ్మిన్ అకౌంట్‌లోనే కూర్చుంటున్నారా?

బొబ్బిలి వీణ
…అవును. ప్రాక్టికల్స్‌కి కొన్ని ప్రోగ్రాములు అడ్మిన్ లేకపోతే నడవట్లేదని అలా వదిలేశాం.

ఆమదాలవలస ప్యాసింజర్
అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వండి. అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచినా వాళ్లు మొదలుపెట్టినవే ఆపగలరు, వెనకాల సర్వీసుగా సిస్టమ్ పేరు మీద నడిచేదాన్ని కొడితే ‘యాక్సెస్ డినైడ్’. ఆ మొండి ప్రోగ్రాములకి వాటి ఫోల్డర్ మీద మాత్రం రాసే అనుమతి ఇస్తే చాలాసార్లు సరిపోతుంది. మీ తాళాన్ని తీసెయ్యమనను, స్టాండర్డ్ అకౌంట్‌లో ఉన్నవాడు ఆ పాలసీ విలువని మార్చలేడు కూడా. కాకపోతే వేరే వాళ్లకి చెప్తున్నాను. మీరెవరూ పెట్టకుండానే ‘అడ్మినిస్ట్రేటర్ ఆపేశారు’ అని వస్తే భయపడాల్సిందే, అడ్మిన్ హక్కుతో ఏదో లోపల తిరిగింది.

బొబ్బిలి వీణ
సరే, ముందు ఐదు సిస్టమ్‌లలో చూస్తాను. కానీ తాళం ఉంటుంది. మా పిల్లలు మీకు తెలీదు.

రాజాం తమ్ముడు
నాకు జరిగింది వినండి. మా అన్నయ్య లాప్‌టాప్, ఫ్యాను జెట్ విమానంలా అరిచేది. ఏం తింటోందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ మూడు నాలుగు శాతం, ఫ్యాను కూడా చల్లబడేది. మూసేస్తే రెండు నిమిషాల్లో మళ్లీ అరుపు. అన్నయ్య నన్నే నవ్వాడు, నువ్వు చూస్తే భయపడుతోందిరా అని. నిజంగా భయపడుతోంది! క్రిప్టో మైనర్, మన సీపీయూని దొంగతనంగా వాడుకుని ఎవరికో క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టే ప్రోగ్రాము. వాకిట్లో లైటు వెయ్యగానే దొంగ గోడ పక్కన నక్కినట్టు, టాస్క్ మేనేజర్ నడుస్తుంటే అది ఆగిపోతుంది. అది గుర్తుపట్టకుండా ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఫైలు పేరు మార్చి, ‘మామిడితాండ్ర’ అని పెట్టి తెరిచాను. దొరికింది. పేరు చూస్తే అచ్చం విండోస్ సర్వీసుల్ని నడిపే ఎస్‌వీసీహోస్ట్ లాగే, మధ్యలో రెండక్షరాలు అటూ ఇటూ. ఉన్నదేమో యాప్‌డేటా ఫోల్డర్‌లో. అసలుది సిస్టమ్32లో ఉంటుంది. ఏదో క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాట్ట, ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

మూడు లాంతర్లు డీటీపీ
ఎస్‌వీసీహోస్ట్‌లు నాకు అరవై డెబ్బై ఉన్నాయే! అన్నీ దొంగలేనా?

రాజాం తమ్ముడు
కాదు మాస్టారూ. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ర్యామ్ 3.5 జీబీ దాటిన సిస్టమ్‌లలో ఒక్కో సర్వీసుకి విడివిడిగా ఒకటి నడుపుతుంది. లెక్క చూడకండి, అడ్రస్ చూడండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో పైన హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ కాలమ్స్‌లో ‘ఇమేజ్ పాత్ నేమ్’, ‘కమాండ్ లైన్’ టిక్ పెట్టండి. ఈ రెండూ లేని టాస్క్ మేనేజర్ ఇంటి నంబర్లు లేని వీధి. లిస్టు కదిలిపోతూ ఉంటే కంట్రోల్ నొక్కి పట్టుకోండి, నిలబడుతుంది.

పలాస జీడిపప్పు
నా బిల్లింగ్ సిస్టమ్ 4 జీబీ ర్యామ్. వ్యూలో అప్‌డేట్ స్పీడ్ ‘లో’ పెట్టి, ‘ఆల్వేస్ ఆన్ టాప్’ వేసి మూలన ఉంచుతాను. కొత్త లాప్‌టాప్‌లో విండోస్ 11కి ఆకు గుర్తుతో ఎఫిషియెన్సీ మోడ్ ఉంది కదా, బ్రౌజర్‌కి అది పెడితే ర్యామ్ మిగులుతుందా?

ఆమదాలవలస ప్యాసింజర్
మిగలదు. సీపీయూ వాడకంలో దాన్ని వెనక వరసలో కూర్చోబెడుతుంది, అంతే. ర్యామ్ కావాలంటే ట్యాబ్‌లు మూయడమే, లేదా ఇంకో 4 జీబీ కొనడమే.

ఏడురోడ్ల నెట్‌సెంటర్
ఆ రంగు గీతలు అలవాటైపోయాయి, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ మళ్లీ వేసుకోవచ్చా? ఎక్కడ పెట్టాలి?

ఆమదాలవలస ప్యాసింజర్
వేసుకోండి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించండి. కానీ డౌన్‌లోడ్స్‌లో వద్దు. ఊడ్చేస్తారని ఒక్కటే కాదు. మీరు కౌంటర్ వదిలి టీకి వెళ్లినప్పుడు ఎవడైనా అదే పేరుతో ఇంకో ఫైలు అక్కడ పెట్టాడనుకోండి, తర్వాత మీరు మూడు కీలు నొక్కగానే లేచేది వాడి ఫైలు, అదీ మీ హక్కులతో. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఒక ఫోల్డర్ చేసి అక్కడ పెట్టి, అప్పుడు రీప్లేస్ నొక్కండి. అక్కడ రాయాలంటే అడ్మిన్ కావాలి. ఎప్పుడైనా తీసెయ్యాలనిపిస్తే ముందు అదే మెనూలోంచి టాస్క్ మేనేజర్‌ని వెనక్కి పెట్టి, ఆ తర్వాత డిలీట్ చెయ్యండి. ‘వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్’ ఆన్ చేసుకోండి, ఫైలు ఎవరు చేసిందో డిజిటల్ సంతకం చూసి చెబుతుంది. చాలా యాంటీవైరస్‌లు ఫైలు గురించి ఏమన్నాయో చూపించే వైరస్‌టోటల్ చెక్ కూడా మంచిదే, అది ఫైలు హ్యాష్, అంటే దాని వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే పంపుతుంది. తెలియని ఫైళ్లని పూర్తిగా పంపే ఆప్షన్ విడిగా ఉంటుంది, నెట్ సెంటర్‌లో అది వద్దు.

ఏడురోడ్ల నెట్‌సెంటర్
అలాగే పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఆరు సిస్టమ్‌లకీ స్టాండర్డ్ అకౌంట్లు చేస్తాను, మీలో ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉంటే బాగుండు. బావమరిది కొడుక్కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ‘మావయ్యా, డౌన్‌లోడ్స్ ఎవరైనా ఖాళీ చేస్తారా?’ అంటున్నాడు.