పిల్లలు సైకిలు మీద బడికి వెళ్లాలంటే కాకినాడ వీధుల్లో ముందుగా ఏం అడగాలి?

ప్రశ్న: గాంధీనగర్ నివాసి, కాకినాడ

మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఇక మీదట ఆటోలో కిక్కిరిసి వెళ్లనని, సైకిలు మీదే బడికి వెళ్తానని పట్టుబడుతోంది. బడి మా ఇంటికి రెండు కిలోమీటర్ల లోపే ఉంటుంది. కాకినాడ ఎత్తుపల్లాలు లేని ఊరు, వీధులన్నీ గీత గీసినట్లు తిన్నగా ఉంటాయి. మా నాన్నగారి తరంలో గుమాస్తాలు, విద్యార్థులు, పాలవాళ్లు అందరూ సైకిళ్ల మీదే తిరిగారు. అయినా ఇప్పుడు ఆమెను పంపడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

బడి వేళకు ఆ దారిలో నేనే నడిచి చూశాను. కాలిబాట అని మనం పిలుస్తున్నది నిజానికి మురుగుకాలువ మీద పరచిన పలకల వరుస. కొన్నిచోట్ల పలక విరిగి లోపలి ఇనుప చువ్వలు పైకి లేచి ఉన్నాయి, మరికొన్నిచోట్ల పలకే లేదు. పలకలు బాగున్న చోట మోటారు సైకిళ్లు నిలిపి ఉన్నాయి. దాంతో నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగుతున్నారు, వాళ్లను తప్పించబోయి సైకిలు మీది పిల్లలు రోడ్డు మధ్యకు జరుగుతున్నారు, సరిగ్గా అప్పుడే వెనక నుంచి కాలేజీ బస్సు హారన్ మోగిస్తూ వచ్చేస్తోంది. రోడ్డు వెడల్పు చేసి కొత్తగా తారు వేసిన తరువాత బండ్ల వేగం ఇంకా పెరిగింది.

రోడ్డుకు ఇరువైపులా సైకిళ్ల కోసం రంగు గీతలు గీయించాలని కోరుతూ మా కాలనీ సంఘం తరఫున అర్జీ రాస్తున్నాం. అడగవలసింది ఇదేనా? ఎవరిని అడగాలి? చట్టంలో మాకు ఆధారం ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత ఇంజినీరు, రాజమహేంద్రవరం

అయ్యా, నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పట్టణ రోడ్ల పనుల్లోనే గడిపాను. గీతల కోసం అర్జీ పెట్టవద్దని నా మనవి. రంగు గీత ఏ బండినీ ఆపదు. గీసిన కొద్ది రోజులకే అక్కడ కార్లు, ఆటోలు నిలుపుతారు, పిల్లలు మళ్లీ రోడ్డు మధ్యకే వస్తారు. హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సౌర ఫలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారిని ప్రారంభించారు. వ్యాయామం కోసం తొక్కేవారికి అది చక్కని వసతి. అయితే ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా వెళ్లవలసిన పిల్లకు కావలసింది తను రోజూ వెళ్లే మామూలు వీధి భద్రంగా ఉండటం.

ముందుగా అడగవలసింది వేగం తగ్గింపు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్ల మీద కారుకు గంటకు 70 కిలోమీటర్లు, మోటారు సైకిలుకు 60 కిలోమీటర్లు గరిష్ఠ పరిమితి. బడి ఉన్న వీధికి ఇది ఏ విధంగానూ తగదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారం ఇచ్చినవారు గాని ఒక రోడ్డుకు ఇంతకంటే తక్కువ పరిమితి విధించవచ్చు. బడి చుట్టుపక్కల వీధులకు 30 కిలోమీటర్ల పరిమితి కోరండి. బోర్డు ఒక్కటే పెట్టి వదిలేస్తే ఎవరూ పాటించరు కనుక, రోడ్డు రూపమే వేగాన్ని తగ్గించేలా మార్చమని కూడా కోరండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. మన వీధుల్లో మిగిలిపోయిన తారుతో రాత్రికి రాత్రి పోసే గుట్టలు స్పీడ్ బ్రేకర్లు కావు. వాటి మీద సైకిలు ఎగిరిపడుతుంది, ఆటోలో ఉన్న గర్భిణికి ప్రమాదం. మన దేశంలో రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల పొడవు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాని మీదుగా బండ్లు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా వెళ్లగలవు, అంతకు మించితే డ్రైవరుకే తెలిసివస్తుంది. బడి గేటు ఎదుట జీబ్రా గీతలను కాలిబాట ఎత్తుకు లేపి కట్టిస్తే దాటే చోటూ, వేగం తగ్గించే చోటూ ఒకటే అవుతాయి. మూల మలుపులు కూడా చూడండి. మలుపును మరీ విశాలంగా గుండ్రం చేస్తే బండ్లు బ్రేకు వేయకుండానే తిరిగిపోతాయి, అక్కడే పిల్లలు దాటాలి.

కాలిబాట విషయంలో అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మనవాళ్లు అడుగున్నర ఎత్తు కట్టి, పెద్దవాళ్లు దాని మీద నడవడం లేదని అంటారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అంత ఎత్తు ఎక్కగలడా? కాలిబాట బాగుంటే నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగరు, రోడ్డు అంచు సైకిలుకు మిగులుతుంది. మీ అమ్మాయి సైకిలు భద్రత నడిచేవారి భద్రతతో మొదలవుతుందని నేను నమ్ముతాను.

అర్జీ ఇచ్చే ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి. నగరపాలక సంస్థదా, రోడ్లు భవనాల శాఖదా, లేక మీ ఊరి మీదుగా వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారిలో భాగమా అన్నది తేలకపోతే అర్జీ ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతూనే ఉంటుంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, నిర్ణీత భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గాని అంగవైకల్యం గాని సంభవిస్తే, రోడ్డు కట్టిన, నిర్వహించిన వారికి లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అడ్డంకులు లేని కాలిబాట రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద పౌరుడి హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. ఈ రెండింటినీ అర్జీలో మర్యాదగా ప్రస్తావించండి.

సమాధానం: మెయిన్ రోడ్డు వ్యాపారి

పిల్లల భద్రతకు నేను వ్యతిరేకిని కాను. కానీ ఇలాంటి ప్రతి ప్రణాళికలోనూ మొదట దెబ్బ తినేది దుకాణదారుడు. ఎదుట బండి నిలుపుకోవడానికి చోటు లేకపోతే కొనేవారు ఆగకుండా పోతారు. తోపుడు బండ్ల వాళ్లను కూడా తరిమేస్తారు, వాళ్లూ మాలాగే బతకాలి కదా.

సమాధానం: విశ్రాంత ఇంజినీరు, రాజమహేంద్రవరం

మీ భయం న్యాయమైనదే. వీధి వ్యాపారులను తరిమేయడం పరిష్కారం కాదు, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం దానికి ఒప్పుకోదు కూడా. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని ఆ చట్టం చెబుతోంది. అమ్మకాల స్థలాలు ఆ కమిటీ ద్వారా నిర్ణయం కావాలి. బండ్ల విషయానికొస్తే ఒకవైపున గుర్తించిన గడులు, పక్క వీధుల్లో మరికొంత చోటు అడగవచ్చు. ఒక్కటి ఆలోచించండి. పొద్దున్నుంచి రాత్రి దాకా మీ ఎదుట నిలిచి ఉండే బండ్లలో కొనేవారివి ఎన్ని, మీ వరుసలోని దుకాణాల యజమానులవీ పనివాళ్లవీ ఎన్ని? ఆ లెక్క మీరే తీస్తే అధికారులు దానికి విలువ ఇస్తారు.

సమాధానం: సామాజిక వైద్య విభాగం వైద్యురాలు, విశాఖపట్నం

ఈ చర్చను ఆరోగ్యం వైపు నుంచి కూడా చూడాలి. ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువారి మరణాలకు రోడ్డు ప్రమాదాలే ప్రథమ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకున్నాయి. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం జరిగే అవకాశం దాదాపు 4 శాతం పెరుగుతుంది. అందుకే ఇంజినీరు గారు వేగంతో మొదలుపెట్టడం సరైనదని వైద్యురాలిగా నేనూ అంటాను.

రెండో వైపు కదలిక లేని జీవితం ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం మన దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరం. బడి, ట్యూషన్, హోంవర్కు మధ్య ఆ గంట దొరకని పిల్లలే ఎక్కువ. రెండు కిలోమీటర్ల దూరాన్ని రానూపోనూ సైకిలు మీద వెళ్తే అందులో మూడో వంతు వరకు విడిగా సమయం కేటాయించకుండానే దొరుకుతుంది.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తోంది. బీహారులో 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టాక, బడిలో చేరే బాలికల సంఖ్య గణనీయంగా పెరిగిందని ఆర్థికవేత్తల అధ్యయనంలో తేలింది. మన రాష్ట్రంలోనూ ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచారు. సైకిలు చేతికిచ్చి దారి చూపకపోతే తల్లిదండ్రులు దాన్ని వరండాలో పెట్టి తాళం వేస్తారు. మీ అమ్మాయి తనంతట తానే అడుగుతోంది, దయచేసి ఆ కోరికను భయంతో ఆపేయకండి.

దారి బాగుపడే లోపు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సీటు మీద కూర్చున్నప్పుడు పాదాల ముందు భాగం నేలకు ఆనేలా ఎత్తు సరిచేయించండి, రెండు బ్రేకులూ పట్టేలా చూడండి, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, తలకు సైకిలు హెల్మెట్ ఉండాలి. చున్నీ గాని బ్యాగు పట్టీ గాని చక్రంలో పడకుండా చూడండి, మా విభాగానికి వచ్చే గాయాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఎదుట ఎవరైనా పడిపోతే కేసు భయంతో ఆగకండి. సదుద్దేశంతో సాయం చేసినవారికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

సమాధానం: నెదర్లాండ్స్‌లో ఉంటున్న తెనాలి వాసి

ఇక్కడి సైకిలు దారులు చూసి మనవాళ్లు ఇది వీళ్ల సంస్కృతి అనుకుంటారు. వాస్తవం వేరు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇక్కడ కూడా కార్లు వీధులను ఆక్రమించాయి. 1971లో ఈ చిన్న దేశంలో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పిల్లల చావులు ఆపండని ఉద్యమించాక, చమురు సంక్షోభం కూడా తోడై, ప్రభుత్వ విధానం మారడం మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్ 2023 డిసెంబరులో నగరంలోని చాలా వీధుల్లో వేగ పరిమితిని 30కి తగ్గించింది. ప్రాథమిక పాఠశాల చివరి తరగతుల్లో పిల్లలకు ట్రాఫిక్ పరీక్ష పెట్టి, వీధిలో సైకిలు తొక్కించి చూస్తారు. మీ బడి ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుంటే ఈ పరీక్ష వంటిది మైదానంలో నిర్వహించడానికి పెద్దగా డబ్బు అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు: గాంధీనగర్ నివాసి

అందరికీ ధన్యవాదాలు. గీతల మాట తీసేసి, బడి వీధులకు 30 కిలోమీటర్ల పరిమితి, గేటు ఎదుట ఎత్తు పెంచిన జీబ్రా, పలకలు సరిచేసిన కాలిబాట అని అర్జీ తిరగరాస్తున్నాం. దీన్ని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే సరిపోతుందా?

సమాధానం: విశ్రాంత ఇంజినీరు, రాజమహేంద్రవరం

అక్కడ ఇవ్వండి, రసీదు నంబరు దాచుకోండి. దాంతోపాటు కలెక్టరు గారి అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశంలో ఈ అంశాన్ని చేర్చమని వేరే లేఖ ఇవ్వండి, ఎందుకంటే పోలీసు, రవాణా, ఇంజినీరింగ్ శాఖలు ఒకే చోట కూర్చునేది అక్కడే. లేఖకు ఫొటోలతో పాటు కొలతలు జతచేయండి. కాలిబాట వెడల్పు, ఎత్తు, విరిగిన పలకల సంఖ్య, బడి వేళ గంటలో దాటే పిల్లల సంఖ్య రాస్తే కింది ఇంజినీరు అంచనా వేయడానికి మళ్లీ రానక్కరలేదు. శాశ్వత కట్టడానికి నిధులు లేవని అంటే, కొన్నాళ్లు ప్లాస్టిక్ కోన్లు, డ్రమ్ములతో మలుపులు కుదించి ప్రయోగాత్మకంగా చూడమని కోరండి. ఆ రోజుల్లో మీ సంఘం సభ్యులు ఇద్దరు ముగ్గురు బడి గేటు దగ్గర నిలబడి ఏం జరిగిందో రాసి ఉంచితే, తరువాతి సమావేశానికి అదే మీ నివేదిక అవుతుంది. మొదటి లేఖ మీద ప్రధానోపాధ్యాయుల సంతకం, మెయిన్ రోడ్డు వ్యాపారి గారి సంతకం కూడా తీసుకోండి.