ఒక్క రోజులో వాలెట్టా: మెట్లు తక్కువగా ఉండే దారి ఏది?

ప్రశ్న (కడప):
మాల్టాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి మే నెలలో వెళ్తున్నాము. స్లీమా పట్టణంలో ఉంటూ ఒక రోజు రాజధాని వాలెట్టా చూడాలని ఉంది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి కనుక సులువైన దారి చెప్పగలరా?

జవాబు (అనంతపురం):
అన్నగారూ, స్లీమా నుంచి ఫెర్రీలో (పడవలో) వస్తే, దిగాక ఊళ్లోకి ఎగువకు నడవాలి. వదినగారి కోసం నగర ద్వారం వరకు బస్సులో వెళ్లడమే మేలు. సెయింట్ జాన్ కెథడ్రల్ బయటికి గిడ్డంగిలా సాదాగా కనిపించినా, లోపల నేలంతా నైట్ల (ఒకప్పుడు మాల్టాను ఏలిన క్రైస్తవ యోధుల) సమాధులను కప్పిన రంగుల పాలరాతి పలకలే. అవి పాడవుతాయని సన్న మడమల చెప్పులను అనుమతించరు. బాప్తిస్మమిచ్చు యోహాను శిరశ్ఛేదాన్ని ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో చిత్రించిన పెద్ద పటం అక్కడే ఉంది. నా మట్టుకు ఆ ఒక్కదాని కోసమే వెళ్లవచ్చు.

జవాబు (కర్నూలు):
ఆదివారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు కెథడ్రల్‌ను ప్రార్థనలకే తెరుస్తారు. మధ్యాహ్నం పన్నెండుకు ఎగువ బరాక్కా తోట కింద ఫిరంగి పేలుస్తారు. అది చూసి, పక్కనే ఉన్న లిఫ్టులో రేవుకు దిగితే మెట్ల బాధ ఉండదు.