హాఫ్ ఐరన్‌మ్యాన్: సైకిల్ దిగాక కడుపు మొరాయిస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. గోవాలో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్ రేసు (దాన్నే 70.3 అంటారు) కోసం ప్రాక్టీస్ చేస్తున్నాను. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. ఈతంటే టెన్షన్ లేదు, రుషికొండ అలలు అలవాటే. తంటా అంతా తిండితోనే.

సైకిల్ మీద గంటకు రెండు ఎనర్జీ జెల్స్ (ప్యాకెట్లలో వచ్చే చిక్కటి తీపి పాకం), అంటే దాదాపు 50 గ్రాముల కార్బోహైడ్రేట్లు తీసుకుంటున్నాను. తొక్కుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. దిగి పరుగు మొదలుపెట్టిన కాసేపటికే కడుపు ఉబ్బిపోయి, అడుగు వేసినప్పుడల్లా లోపల నీళ్లు గలగలమంటాయి. ఇక జెల్ ప్యాకెట్ చూస్తేనే వాంతి వచ్చేలా ఉంటుంది. పోనీ మానేద్దామంటే చివర్లో కాళ్లు కదలవు. చల్లటి పొద్దుటి పూట ఇదే లెక్కన తింటే ఏ ఇబ్బందీ లేదు. ఎండలో రక్తం చర్మానికీ కండరాలకీ మళ్లి జీర్ణం మందగిస్తుందని చదివాను, నాది అదేనా?

ఇలాంటి ఉక్కపోతలో రేసులు చేసినవాళ్లు చెప్పండి. సైకిల్ చివరి అరగంట తినడం ఆపేస్తారా? జెల్‌తో మామూలు నీళ్లా, ఎలక్ట్రోలైట్ (లవణాలు కలిపిన) నీళ్లా? ఉప్పు మాత్రలు నిజంగా పనిచేస్తాయా? జెల్స్ బదులు ఖర్జూరం, అరటిపండుతో నెట్టుకొచ్చినవాళ్లున్నారా?

రేసు రోజు పొద్దున పెరుగన్నం తినమని అమ్మ పోరు. నవ్వకండి, నాకైతే ఓట్స్ కంటే అదే తేలిగ్గా ఉంది. ఎవరైనా తిని పరిగెత్తారా?

కోచింగ్ ప్యాకేజీలు అమ్మేవాళ్లు మాత్రం దయచేసి మెసేజ్‌లు పెట్టకండి.