చిత్తూరు నుంచి వండర్‌లాకు ఒంటరిగా, తక్కువ ఖర్చులో: సలహా ఇవ్వండి

బెంగళూరు వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకు ఒక్కదాన్నే వెళ్లాలనుకుంటున్నానండీ. ఫ్రెండ్స్‌కి లీవులు కుదరడం లేదు, ఇక వాళ్ల కోసం ఆగను. మాది చిత్తూరు. మొత్తం ఖర్చు మూడు వేలు దాటకూడదు.

శని, ఆదివారాల్లో టికెట్ ఎక్కువ కాబట్టి మామూలు రోజే ఆన్‌లైన్‌లో బుక్ చేస్తాను. రాత్రి బస్సులో పలమనేరు, కోలారు మీదుగా పోయి తెల్లవారుజామున బెంగళూరు మెయిన్ బస్టాండ్ మెజెస్టిక్‌లో దిగాలని ప్లాన్. పార్కు మైసూరు రోడ్డులో బిడది దగ్గర కదా, పర్పుల్ లైన్ మెట్రోలో చల్లఘట్ట దాకా పోయి అక్కడ బస్సెక్కితే మేలా, మెజెస్టిక్ నుంచే నేరుగా బస్సు మేలా?

నా అసలు ఇబ్బంది ఆ తెల్లవారుజాము. రూమ్ తీసుకుంటే బడ్జెట్ అక్కడే అయిపోతుంది. ఆడపిల్ల ఒంటరిగా స్నానం చేసి, పార్కు తెరిచేదాకా భయం లేకుండా కూర్చునే చోటు దగ్గర్లో ఉందా? అమ్మ టెన్షన్ కూడా దీని గురించే.

నీళ్ల రైడ్లకు నైలాన్ బట్టలు ఇంటి నుంచే తెచ్చుకుంటాను. పెద్ద రైడ్లు ఎక్కేటప్పుడు ఫోన్, పర్సు పట్టుకోవడానికి తోడెవరూ ఉండరు. ఒంటరిగా వెళ్లినవాళ్లు లాకర్‌లోనే పెట్టేశారా? పార్కు మూసేదాకా ఉంటే ఆ రాత్రికే చిత్తూరు బస్సు అందుకోగలనా?