సెకండ్ హ్యాండ్ క్యూ7కి రబ్బింగ్ చేయించాలా, ఇంట్లోనే పాలిష్ చేసుకోవచ్చా?

ప్రశ్న (పాలకొల్లు దగ్గర్నుంచి)

అందరికీ నమస్కారం అండి. పోయిన నెల హైదరాబాద్‌లో 2017 మోడల్ ఆడి క్యూ7, నల్ల రంగుది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అక్కడ షెడ్డులో లైట్ల కింద అద్దంలా మెరిసింది. ఇంటికి తెచ్చి రెండుసార్లు కడిగాక పొద్దుటి ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపించాయి, వాటికి తోడు మా బోరు నీళ్ల మరకలు తెల్లచుక్కల్లా పడి ఎంత తుడిచినా పోవట్లేదు. లోపల ఏసీ వేయగానే తడి గోనెసంచి వాసన. ఇక్కడ ఒక షాపులో అడిగితే ఒక్క రోజులో రబ్బింగ్ (మిషనుతో పెయింటు పైపొరని రుద్ది గీతలు తీయడం) చేసి సిరామిక్ కోటింగ్ (పెయింటు పైన గట్టిపడే రక్షణ పూత) వేసేస్తాం, 35,000 ఇవ్వండి అన్నారు. వచ్చే నెల మా చెల్లి పెళ్లి. డబ్బుల కన్నా కారు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. నాకు చేతిపని అలవాటే, మిషను కొనుక్కుని నేనే చేసుకోవచ్చా?

జవాబు (రాజోలు నుంచి)

తమ్ముడూ, చేసుకోవచ్చు. కానీ మిషను కన్నా ముందు పెయింటు మందం చూసే మీటరు ఒకటి సంపాదించు, కొనకపోయినా ఎవరి దగ్గరైనా ఓ పూటకి తెచ్చుకో. కారు మీద మనకి కనిపించే మెరుపంతా పైనుండే రంగులేని పొర, క్లియర్ కోటుది. ప్రైమరు, రంగు, క్లియర్ అన్నీ కలిపినా కంపెనీ పెయింటు మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో క్లియర్ కోటు వాటా 35 నుంచి 50. పాలిష్ చేయడమంటే ఆ పొరని కొంచెం కొంచెంగా గీకి గీత లోతుకి దించడమే, కొత్తగా వచ్చి చేరేదేం ఉండదు. నీ కారుకి ఇంతకుముందు ఎన్నిసార్లు రబ్బింగ్ చేశారో నీకు తెలియదు కదా, అందుకే ముందు కొలవమంటున్నాను.

మీటరు కొనేటప్పుడు ఇనుముతో పాటు అల్యూమినియం మీద కూడా పనిచేసేదే అడుగు. ఈ తరం క్యూ7లో బానెట్, ఫెండర్లు, తలుపులు, డిక్కీ తలుపు అల్యూమినియమే, ఇనుముకి మాత్రమే పనికొచ్చే మీటరు అక్కడ ఏమీ చెప్పదు. లప్పం ఉందో లేదో అయస్కాంతం పెట్టి చూసే పాత పద్ధతి కూడా ఈ కారు దగ్గర పనికిరాదు. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వాటిని ఇలాంటి మీటర్లు కొలవలేవు, వాటి మీద ఎప్పుడూ మెత్తటి ప్యాడే వాడు. ఒక్కో రేకు మీద ఐదారు చోట్ల, అంచుల దగ్గర కూడా కొలిచి కాగితం మీద రాసుకో.

షెడ్డులో మెరిసి ఇంటికొచ్చాక గీతలు బయటపడ్డాయన్నావు కదా, గీతల్ని నూనెలాంటి గ్లేజుతో నింపి అమ్మి ఉంటారు. రెండుసార్లు షాంపూతో కడిగేసరికి అది పోయింది. నువ్వు పాలిష్ చేసేటప్పుడు కూడా ఇదే మోసం జరగొచ్చు, అందుకని చేసిన ప్రతి చోటా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మూడొంతులు నీళ్లు కలిపి తుడిచి, ఆ తర్వాతే టార్చిలైటు వేసి చూడు.

ఇక నీళ్ల సంగతి. మన డెల్టాలో కారు మెరుపు తీసేది గీతలకన్నా ఎక్కువగా బోరు నీళ్లే అని నా నమ్మకం. సముద్రం దగ్గరపడేకొద్దీ బోర్లలో ఉప్పు, గట్టిదనం ఎక్కువ. మా ఇంటి బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు చూసేది) పెడితే 1,400 చూపించింది, అదే తాగే ఆర్‌వో నీళ్లు 60. ఎండలో బోరు నీళ్లు కొట్టి వదిలేస్తే నీరు ఆవిరైపోయి సున్నం, ఉప్పు అక్కడే గడ్డకడతాయి. కాలువ నీళ్లు మెత్తనివే గాని వాటిలో ఒండ్రు ఉంటుంది, బకెట్లో పట్టి ఓ రాత్రి తేర్చి పైనీళ్లు మాత్రం వాడు. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ దారీ ఉండదు. నేను కడగడమంతా మామూలు నీళ్లతోనే కానిచ్చి, చివర్లో రెండు వాటర్ టిన్నులు, అంటే 40 లీటర్ల ఆర్‌వో నీళ్లు, చేలో మందు కొట్టే చేతి స్ప్రేయరుతో పైనుంచి కిందకి కొడతాను. స్ప్రేయరు కొత్తదే కొను, పురుగుమందు పట్టినది కారు దగ్గరికి రానివ్వకు.

ఇప్పుడు పడిన మరకలకి తెల్ల వెనిగర్, ఆర్‌వో నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి మరక మీద ఒకటి రెండు నిమిషాలు పరిచి కడిగెయ్. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. కిటికీల చుట్టూ ఉండే వెండి రంగు పట్టీలకి అది తగలనివ్వకు. అవి రంగు వేసినవి కావు, పైన సన్నటి రక్షణ పొర ఉన్న అల్యూమినియం. సర్వీసింగ్ సెంటర్లలో కొట్టే ఘాటు నురగ మందులకి అవి పాలిపోయినట్టు తెల్లబడతాయి, ఒకసారి అలా అయ్యాక మామూలు పాలిష్‌కి తిరిగి రావు.

వెనిగర్‌కి కూడా పోని మరక క్లియర్‌ని తినేసి లోపలికి దిగిందన్నమాట, దానికి పాలిషే. ఈలోపు ఐరన్ రిమూవర్ కొట్టు, బ్రేకు ధూళిలోని ఇనుప రజను కరిగి ఊదారంగులో కారుతుంది. కడిగేశాక క్లే బార్‌ని (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) షాంపూ నీళ్ల తడి మీద జార్చు, పొడిగా రుద్దావంటే కొత్త గీతలు పడతాయి. రాత్రిళ్లు వరిచేల పక్కన డ్రైవింగ్ చేస్తే బంపరు నిండా పచ్చదోమ అంటుకుంటుంది కదా, దాన్ని గోకకుండా తడిగుడ్డ కప్పి పది నిమిషాలు నాననిస్తే అదే ఊడొస్తుంది.

మిషను మాత్రం డ్యూయల్ యాక్షన్‌ది (ప్యాడు తిరుగుతూ పక్కకి కూడా ఊగేది) తీసుకో, రోటరీ జోలికి పోకు. రోటరీ ఒకేచోట తిరిగి వేడి పుట్టిస్తుంది. మా బాబాయి గారి కారుకి ఒక షాపులో రోటరీతో ఒక్క పూటలో రబ్బింగ్ చేసేశారు, బానెట్ మడత మీద రూపాయి బిళ్లంత మేర క్లియర్ లేచిపోయింది. చేత్తో తడిమితే చుట్టూ నున్నగా ఉండి అక్కడొక్కచోట సుద్దలా గరుగ్గా తగిలేది. బానెట్ మొత్తం మళ్లీ పెయింటు వేయించాల్సి వచ్చింది. అందుకే అంచులకి, మడతలకి, రబ్బరు బీడింగులకి మాస్కింగ్ టేపు వెయ్యి.

ముందు బానెట్ మీద రెండడుగుల చదరానికి టేపు అంటించుకుని, మెత్తటి ఫోమ్ ప్యాడు మీద ఫినిషింగ్ పాలిష్ మూడు నాలుగు చుక్కలు వేసి నెమ్మదిగా అడ్డంగా నిలువుగా నడుపు. దానికే గీతలు పోతే ఇక కాంపౌండు (ఎక్కువ గీకే గరుకు పాలిష్) డబ్బా మూత కూడా తియ్యక్కర్లేదు. పోకపోతేనే ఒక మెట్టు పైకెళ్లు. ప్యాడుకి తెల్లటి మడ్డి రావాలి, కారు రంగు అంటుతోందంటే క్లియర్ అయిపోయినట్టే, వెంటనే ఆపెయ్.

మరో జవాబు (అమలాపురం నుంచి)

మెరుపు సంగతి ఆయన చెప్పారు, నేను వాసన సంగతి చెబుతానండి. సన్‌రూఫ్ తెరిచి ముందు మూలల్లో ఉండే గాడిలో చిన్న గ్లాసుడు నీళ్లు పొయ్యండి. కాసేపట్లో కారు కిందకి కారాలి. కారకుండా నిలబడితే డ్రెయిన్ గొట్టం పూడింది, ఆ నీళ్లు కార్పెట్ కిందకి దిగుతాయి. మా కారుకి ఇదే జరిగింది, కొబ్బరిచెట్టు కింద పెట్టేవాళ్లం, పూత రాలి గొట్టంలో ముద్ద కట్టింది. పైకి మ్యాటు పొడిగానే ఉంది, కార్పెట్ ఎత్తి కింద ఫోమ్ నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబికాయి. గడ్డి కోసే మిషనులో వాడే మెత్తటి నైలాన్ తీగ మెల్లగా తోసి శుభ్రం చేయించండి. గాలి మిషను పెట్టించకండి, లోపల గొట్టం జాయింటు ఊడితే ఇంకా పెద్ద పని. ఏసీ క్యాబిన్ ఫిల్టరు కూడా మార్చేయండి.

ఇంకోటి, కారు హైదరాబాద్‌ది కాబట్టి సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. 2020 అక్టోబరు వరదల్లో అక్కడ చాలా కార్లు మునిగాయి. బెల్టు లోపలి భాగంలో బురద చార ఉన్నా, సీటు పట్టాల కింద తుప్పు ఉన్నా ముందు మెకానిక్ దగ్గరికి వెళ్లండి, పాలిష్ తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. బెల్టులు శుభ్రంగా ఉన్నాయి, తుప్పు లేదు. ఎడమవైపు డ్రెయిన్ పూడిపోయింది, తీయించాను, ఫోమ్ ఆరబెడుతున్నాను. మీటరు తెచ్చి కొలిచాను. బానెట్ 112 నుంచి 120, పైకప్పు 118, ఎడమ వెనక తలుపు 290, కుడి ముందు ఫెండరు అంచు దగ్గర 74. ఇప్పుడేం చెయ్యమంటారు?

జవాబు (రాజోలు నుంచి)

ఎడమ వెనక తలుపుకి మళ్లీ పెయింటు వేశారు తమ్ముడూ, కింద కొంచెం లప్పం కూడా ఉండొచ్చు. అక్కడ పొర మందంగా ఉంది కదా అని గట్టిగా రుద్దకు, షాపులో వేసిన క్లియర్ మెత్తగా ఉండి త్వరగా వేడెక్కుతుంది, విడిగా ఇంకో చిన్న చదరం టెస్టు చేసుకో. కుడి ఫెండరు అంచుని ఎవరో ఇదివరకే బాగా తినేశారు. దాని మీద మిషను పెట్టకు, చేత్తో వ్యాక్స్ రాసి వదిలెయ్. రెండు గీతలు ఉంటే ఉండనీ, పెళ్లిలో ఎవరూ ఫెండరు అంచు చూడరు. బానెట్, పైకప్పు మెత్తటి ప్యాడుతో నిశ్చింతగా చేసుకో.

సిరామిక్ ఇప్పుడు వేయించకు. వేసిన రోజంతా నీటిబొట్టు పడకూడదు, వారం దాకా షాంపూ తగలకూడదు. ఈ ముసురుల్లో, ఈ తేమలో బయట షెడ్డులో వేస్తే అది ఆరే తీరు మన చేతిలో ఉండదు, తుడవడం ఆలస్యమైన చోట మచ్చలు గట్టిపడితే మళ్లీ పాలిష్ చేసే తీయాలి. ఇప్పటికి మంచి సీలెంటు (వ్యాక్స్‌లా చేత్తో రాసే రక్షణ పూత) రాయి, నల్ల కారు మీద అదే చాలా బాగుంటుంది. వానలు వెనక్కి తగ్గాక కోటింగ్ సంగతి చూద్దువుగాని. కారు మటుకు ఆ కొబ్బరిచెట్ల కిందా, కొంగలు వాలే చింతచెట్టు కిందా పెట్టకు. రెట్ట పడితే సాయంత్రం దాకా ఆగకుండా తడిగుడ్డతో నానబెట్టి తీసెయ్, ఎండలో ఒక్క పూట ఉన్నా క్లియర్ మీద దాని ముద్ర పడిపోతుంది.